తొమ్మిదో అంతస్తు బాల్కనీలో గడ్డకట్టే చలికి నిలిచే మొక్కలు ఏవి?

కాశీరత్నం (షికాగో)

అందరికీ నమస్కారం. మేము షికాగో నగరంలో, సరస్సుకు కొంత పడమరగా, తొమ్మిదో అంతస్తులో ఉంటున్నాము. ఇంటికి పడమర వైపున సుమారు అయిదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న కాంక్రీటు బాల్కనీ ఉంది. పై అంతస్తువారి బాల్కనీయే దానికి కప్పు. వేసవిలో మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే వరకు ఎండ తీవ్రంగా పడుతుంది. చలికాలంలో వాయవ్యం నుంచి వచ్చే గాలి అడ్డు లేకుండా తగులుతుంది. రెయిలింగుకు బయటి వైపున ఏదీ వేలాడదీయకూడదనీ, కింది ఇంటివారి మీద నీళ్లు కారకూడదనీ అసోసియేషన్ వారి నిబంధన.

ఏటా మే నెలలో పెటూనియాలు, బంతి నారు కొనడం, అక్టోబరు రాగానే అన్నీ పీకి పారవేయడం నాకు విసుగు పుట్టించింది. ఒకసారి నాటితే చలికాలమంతా బయట కుండీలోనే ఉండి, వసంతంలో మళ్లీ చిగురించే మొక్కలు పెంచాలని ఉంది. చీటీ మీద “జోన్ 5” లేదా “జోన్ 6” అని (మొక్క ఎంత చలికి ఓర్చుకుంటుందో చెప్పే సంఖ్య, అది తగ్గేకొద్దీ ఎక్కువ చలికి తట్టుకుంటుందని అర్థం) రాసి ఉన్న మొక్క ఏదైనా మా ఊరికి పనికివస్తుందని నర్సరీలో చెబుతున్నారు. ఆ మాట పెరట్లో నాటేవారికే గాక బాల్కనీలో కుండీలు పెట్టుకునేవారికి కూడా వర్తిస్తుందా?

జనవరిలో గాజు తలుపు వెనక నుంచి చూసినప్పుడు కంటికి కాస్త పచ్చగా ఏదైనా కనబడితే బాగుంటుంది. మా అత్తగారు మాతోనే ఉంటారు. పూజకు నాలుగు పువ్వులు ఇంట్లోనే దొరికితే ఆవిడకు సంతోషం. వంటకు పనికివచ్చే ఆకు కూడా వీటిలో ఉంటే మరీ మంచిది. అనుభవం ఉన్నవారు పేర్లతో పాటు కారణాలు కూడా చెప్పగలరని ఆశిస్తున్నాను.

గడ్డిపూవు (నేపర్‌విల్)

కాశీరత్నం గారూ, మీ అనుమానం సరైనదే. చీటీ మీద ఉండే జోన్ సంఖ్య నేలలో నాటిన మొక్కను దృష్టిలో పెట్టుకుని రాసినది. కుండీకి ఆ సంఖ్యను యథాతథంగా తీసుకోవడానికి వీలు లేదు.

అమెరికా వ్యవసాయ శాఖ 2023లో సవరించిన పటం ప్రకారం షికాగో నగరంలో చాలా భాగం జోన్ 6ఏ కిందికి వస్తుంది. 1991 నుంచి 2020 వరకు ఒక్కొక్క ఏడాదిలో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతలను తీసుకుని సగటు కడితే, అది మైనస్ 10 నుంచి మైనస్ 5 ఫారెన్‌హైట్ మధ్య, అంటే సుమారు మైనస్ 23 నుంచి మైనస్ 21 సెల్సియస్ మధ్య వచ్చే ప్రాంతాలను 6ఏ అంటారు. సగటు కాబట్టి, కొన్ని ఏళ్లలో చలి అంతకు మించి దిగుతుందని ఆ పటమే ఒప్పుకుంటున్నట్టు లెక్క. 2019 జనవరి 30న ఓహేర్ విమానాశ్రయంలో మైనస్ 23 ఫారెన్‌హైట్ నమోదయింది. అది జోన్ 4 వారికి అలవాటైన చలి. చాలా ఏళ్లు నిలవాలని నాటే మొక్కను అటువంటి ఒక్క రాత్రిని దృష్టిలో పెట్టుకునే ఎంచుకోవాలి.

నేలలోని మొక్కకు చుట్టూ ఉన్న భూమే రక్షణ. పైన గాలి ఎంత చల్లబడినా, మంచు కప్పిన నేలలో కొన్ని అంగుళాల లోతున ఉష్ణోగ్రత అంతగా దిగదు. కుండీలోని మట్టికి ఆ అండ లేదు. పక్కల నుంచీ, పై నుంచీ, అడుగు నుంచీ చలి ఎక్కుతుంది కాబట్టి, తీవ్రమైన చలి ఒకటి రెండు రోజులు నిలిచిందంటే ఆ మట్టి దాదాపు బయటి గాలి అంత చల్లబడిపోతుంది. పైగా ఒకే మొక్కలో కొమ్మలకు ఉన్న ఓర్పు వేళ్లకు ఉండదు. కొమ్మలు శరదృతువులో క్రమంగా గట్టిపడి నిద్రావస్థలోకి వెళతాయి. వేళ్లు ఆ స్థాయిలో గట్టిపడవు, వాటిలోనూ కుండీ అంచును తాకుతూ ఉండే లేత వేళ్లు అందరికన్న ముందు చస్తాయి. ఏప్రిల్‌లో బాగానే చిగురించి, మే నెల ఎండకు ఒక్కసారిగా తలవాల్చే పొదలను ఇక్కడ చాలామంది చూసే ఉంటారు. కొమ్మలో దాచుకున్న సత్తువతో చిగురు వేసింది గాని, నీరు అందించే వేళ్లు జనవరిలోనే పోయాయి. దాన్ని తెగులనుకుని మందులు కొట్టి లాభం లేదు.

అందుకే కుండీల విషయంలో రెండు జోన్లు తగ్గించి చూడమంటారు. మీరు జోన్ 6లో ఉన్నారు కాబట్టి కనీసం జోన్ 4 చలికి తట్టుకునేవి, వీలైతే జోన్ 3 చలికి తట్టుకునేవి తీసుకోవాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే నర్సరీలో మీ ముందున్న బల్లల్లో సగం వాటంతట అవే ఖాళీ అవుతాయి. లావెండర్‌లో చలికి ఓర్చే రకాలు కూడా సాధారణంగా జోన్ 5 వరకే. జపనీస్ మేపుల్ కూడా అంతే. రోజ్‌మెరీ సంగతి చెప్పనక్కరలేదు. ఇవి ఎంత ముచ్చటగా ఉన్నా మీ బాల్కనీకి తేవద్దు.

నేను మొదట సిఫారసు చేసేది సెడమ్‌లను. వీటిలో నేల మీద పాకే స్పూరియమ్, కామ్‌చాటికమ్ వంటి జాతులున్నాయి, నిలువుగా పెరిగే ‘ఆటమ్ జాయ్’ వంటి రకాలున్నాయి. దళసరి ఆకుల్లో నీరు నిలవ చేసుకుంటాయి కాబట్టి పడమటి ఎండకు, గాలికి, మీరు ఊరికి వెళ్లినప్పుడు వారం పది రోజులు నీళ్లు లేకపోవడానికి కూడా తట్టుకుంటాయి. ‘ఆటమ్ జాయ్’ను ఆగస్టు నుంచి గమనించండి. ముందు పచ్చని మొగ్గల పళ్లెంలా ఉన్నది సెప్టెంబరులో గులాబీ రంగుకు, అక్టోబరులో ఇటుక రంగుకు తిరుగుతుంది, ఆపై ఎండిపోయి కూడా నిలబడే ఉంటుంది. ఆ ఎండిన కాడలను మార్చి వరకు కొయ్యకండి. అప్పటికి మొక్క మొదలు దగ్గర చిన్న క్యాబేజీ మొలకల వంటి పచ్చని చిగుళ్లు మట్టిని అంటిపెట్టుకుని కనబడతాయి. సెంపర్‌వైవమ్ కూడా ఈ కుటుంబానిదే. పువ్వులా విచ్చుకుని, చుట్టూ పిలకలు వేసుకుంటూ పోతుంది. ఈ రెండింటినీ చలి చంపడం అరుదు, తడి చంపడం సాధారణం. మామూలు కుండీ మట్టిలో దాదాపు సగం పెర్లైటో (నీరు నిలవనివ్వని తేలికైన తెల్లని పలుకులు), గరుకు ఇసుకో కలిపి నాటండి.

రెండవది గడ్డిజాతులు. ఇల్లినాయ్ రాష్ట్రాన్ని ప్రెయిరీ రాష్ట్రమని ఊరికే అనలేదు. ఇక్కడి గడ్డిమైదానాల్లో పుట్టిపెరిగిన లిటిల్ బ్లూస్టెమ్, ప్రెయిరీ డ్రాప్‌సీడ్ రెండూ జోన్ 3 వరకు బతుకుతాయి. వేసవిలో నీలి ఛాయ ఉన్న లిటిల్ బ్లూస్టెమ్ అక్టోబరు దాటాక రాగి రంగుకు తిరిగి, చలికాలమంతా నిలబడే ఉంటుంది. ఎకనేషియా, లయాట్రిస్ అనే పూలమొక్కలు కూడా ఈ నేలవే.

పొద ఒకటి కావాలంటే పానికల్ హైడ్రేంజియా తీసుకోండి. ‘బోబో’, ‘లిటిల్ లైమ్’ వంటి పొట్టి రకాలు జోన్ 3 వరకు ఓర్చుకుంటాయి, పైగా ఆ ఏడాది వేసిన కొత్త కొమ్మల మీదనే పూస్తాయి. దుకాణాల్లో నీలం, గులాబీ గుత్తులతో ఊరించే వెడల్పాకుల హైడ్రేంజియా వేరు. అందులో చాలా రకాలు నిరుటి కొమ్మల మీది మొగ్గలతోనే పూస్తాయి కాబట్టి, మొక్క బతికినా మొగ్గలు చలికి మాడిపోయి ఆకులు మాత్రమే మిగులుతాయి. డేలిలీలు, క్యాట్‌మింట్ కూడా నిశ్చింతగా పెట్టుకోవచ్చు. జనవరిలో పచ్చదనం కోసం నేల మీద పాకే జూనిపర్ చూడండి, జోన్ 3 మొక్క.

కొనే ముందు ఒక శనివారం మిలీనియం పార్కులోని లూరీ గార్డెన్‌కు వెళ్లి రండి. 2004లో తెరిచిన ఆ తోట కింద ఉన్నది భూమి కాదు, కార్లు నిలిపే గ్యారేజీ. ఎండిన కాడలను చలికాలమంతా కొయ్యకుండా ఉంచుతారు కాబట్టి, ఏ మొక్క మంచులో ఎలా కనబడుతుందో డిసెంబరులో కూడా చూడవచ్చు. నర్సరీ బల్ల మీద పువ్వుతో ఉన్న మొక్కను చూసి ఆ సంగతి ఊహించలేము.

ఉత్తరగాలి (టొరంటో)

గడ్డిపూవు గారు చెప్పిన రెండు జోన్ల నియమంతో పూర్తిగా ఏకీభవిస్తాను, కాని పాకే జూనిపర్ విషయంలో ఏకీభవించలేను. కాశీరత్నం గారి బాల్కనీ పడమటి వైపున, తొమ్మిదో అంతస్తులో, పైన కప్పుతో ఉందని మరవకూడదు.

ఆకు రాల్చని మొక్కకు చలికాలంలో ఎదురయ్యే ప్రమాదం వేరు. ఫిబ్రవరి మధ్యాహ్నపు ఎండ తగిలి ఆకులు వేడెక్కుతాయి, గాలి వాటిలోని తేమను లాగుతూ ఉంటుంది. పోయిన నీటిని భర్తీ చేద్దామంటే కుండీలో మట్టి రాయిలా గడ్డకట్టి ఉంటుంది. డిసెంబరులో పచ్చగా ఉన్న జూనిపర్ మార్చి చివరికి గాలి తగిలే వైపంతా గోధుమ రంగుకు తిరగడానికి కారణం ఇదే. చలి సంఖ్యలు చూసుకుని జోన్ 3 మొక్క తెచ్చినంత మాత్రాన ఈ ఎండిపోవడం ఆగదు. పెరట్లో అయితే మంచు దుప్పటిలా కప్పి కాపాడుతుంది. పై కప్పు ఉన్న మీ బాల్కనీలో ఆ మంచూ పెద్దగా పడదు.

వాతావరణ వార్తల్లో చెప్పే ‘విండ్ చిల్’ సంఖ్యను చూసి కూడా చాలామంది కంగారు పడతారు. అది మనుషుల ఒంటికి తగిలే చలిని చెప్పే లెక్క. గాలి ఎంత వీచినా ఆకు గాని, కుండీ గాని అసలు గాలి ఉష్ణోగ్రత కన్న దిగువకు ఆ గాలి వల్ల పోవు. త్వరగా ఆ స్థాయికి చేరతాయి, త్వరగా ఎండుతాయి, అంతే. కనుక థర్మామీటరు సంఖ్యను జోన్‌తో పోల్చండి, గాలిని మాత్రం ఎండబెట్టే శత్రువుగా విడిగా లెక్కలోకి తీసుకోండి.

కెనడా నుంచి మొక్కల వివరాలు వెతికేవారికి ఒక హెచ్చరిక. ఇక్కడి ప్రభుత్వ సహజవనరుల శాఖ వారి జోన్ పటం కనిష్ఠ ఉష్ణోగ్రతతో పాటు మంచు మందం, గాలి, వానలు, మంచు పడని రోజుల సంఖ్య వంటివి కూడా కలిపి గీసినది. అందువల్ల కెనడా చీటీ మీది 5కూ, అమెరికా చీటీ మీది 5కూ సరిగ్గా ఒకే అర్థం లేదు. ఏ దేశపు మొక్కను ఆ దేశపు పటంతోనే సరిచూడాలి.

జనవరిలో కంటికి ఇంపుగా ఉండేది కావాలంటే నేను పచ్చదనం మీద పట్టు వదిలి, కొమ్మల రంగు మీద మనసు పెట్టమంటాను. రెడ్ ఓసియర్ డాగ్‌వుడ్ అనే పొద ఆకు రాల్చాక దాని కొమ్మలు కుంకుమ ఎరుపులో మెరుస్తాయి. తెల్లని మంచు వెనక ఉంటే గాజు తలుపులోంచి చూపు తిప్పుకోలేము. పొట్టి రకాలను ఎంచుకుని, ప్రతి వసంతంలో ముదురు కొమ్మలు కొన్ని మొదలంటా కోస్తే కొత్త కొమ్మలకు రంగు బాగా వస్తుంది. ఇది జోన్ 2, 3 చలిని కూడా లెక్క చేయదు. ఆకు లేదు కాబట్టి గాలికి ఎండిపోయే భయమూ తక్కువే.

పెరటిచెట్టు (మినియాపొలిస్)

మా ఊరి చలి షికాగో వారికి తెలియనిది కాదు గాని, మేము 5ఏ, 4బి జోన్ల మధ్య బతుకుతున్నాము కాబట్టి కుండీకి జోన్ 3 తప్ప మరో మాట మాట్లాడుకోము. పై ఇద్దరూ పూజ పువ్వులనూ వంట ఆకునూ వదిలేశారు. ఆ లోటు నేను తీరుస్తాను.

అత్తగారికి ముందుగా చామంతి పెట్టండి. సెప్టెంబరులో కిరాణా దుకాణాల ముందు నిండుగా విరగబూసి అమ్మకానికి పెట్టే చామంతులు కాదు. అవి పూతకొచ్చిన దశలో నాటినందువల్ల వేళ్లు స్థిరపడకముందే చలి ముంచుకొస్తుంది, పైగా వాటిలో చాలావాటిని ఒక్క కాలానికే పెంచుతారు. చలికి తట్టుకునే తోట చామంతుల మీద మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో దశాబ్దాలుగా పని జరుగుతోంది. అక్కడ రూపొందిన ‘మ్యామత్’ వరుస చామంతులు జోన్ 3 వరకు నిలుస్తాయి. వీటిని మే నెలలో చిన్న మొక్కలుగా నాటుకోవాలి. ఇవి గుబురుగా మూడు, నాలుగు అడుగుల ఎత్తు, వెడల్పు పెరిగే రకాలు కాబట్టి పెద్ద కుండీ కావాలి. జూన్ చివరి వరకు కొసలు గిల్లుతూ ఉంటే గాలికి వాలిపోకుండా గట్టిపడతాయి.

మందారం లేని పూజ వెలితిగా ఉంటుందనుకుంటే, మన మందారానికి దగ్గరి బంధువైన హైబిస్కస్ మొష్యూటస్ ఉంది. పళ్లెమంత పువ్వులు, తెలుపు, గులాబీ, ముదురు ఎరుపు రంగుల్లో, జులై నుంచి పూస్తాయి. మంచు పడగానే నేల వరకు చచ్చిపోయి, మరుసటి వసంతంలో దుంప నుంచి మళ్లీ లేస్తుంది. కాని అది చాలా ఆలస్యంగా లేస్తుంది. మే నెలాఖరుకు కూడా కుండీ ఖాళీగా కనబడితే చనిపోయిందని పారవేయకండి. సాధారణంగా జోన్ 4, 5 మొక్క కాబట్టి మీ బాల్కనీలో ఇది కొంత సాహసమే. చీటీ మీద జోన్ 4 అని స్పష్టంగా ఉన్న రకాన్నే తీసుకుని, మీ దగ్గరున్న అతి పెద్ద కుండీ దానికి ఇచ్చి, వేసవిలో రోజూ నీళ్లు పోయగలిగితేనే పెట్టుకోండి. చిత్తడి నేలల్లో పుట్టిన మొక్క, దాహం ఎక్కువ. గులాబీ కావాలంటే రుగోసా జాతివి, లేదా కెనడా ప్రభుత్వ పరిశోధకులు తయారు చేసిన ‘ఎక్స్‌ప్లోరర్’ వరుస గులాబీలు చూడండి.

ఇక వంటకు. మన చుక్కకూర రూమెక్స్ ప్రజాతికి చెందినది, అది ఏడాది మొక్క. అదే ప్రజాతిలో చల్లని దేశాల వారు తరతరాలుగా తింటున్న గార్డెన్ సారెల్ ఉంది. రూమెక్స్ అసిటోసా అని చీటీ మీద రాసి ఉంటుంది. ఇది ఒకసారి నాటితే ఏళ్ల తరబడి నిలుస్తుంది, జోన్ 3, 4 చలిని తట్టుకుంటుంది, మంచు కరగగానే అందరికన్న ముందు ఆకు వేస్తుంది. పప్పులో వేస్తే చుక్కకూర పప్పుకు ఏమాత్రం తీసిపోదని మా ఇంట్లో తీర్మానం జరిగింది. గోంగూర మీద మక్కువ ఉన్నవారు దీన్ని గోంగూర అనుకుని పచ్చడి నూరి నిరాశపడవద్దు. ఆ పీచు, ఆ ఘాటు వేరు. జూన్‌లో పూకాడ లేవగానే తుంచివేస్తే ఆకు మళ్లీ లేతగా వస్తుంది. దీని పక్కనే చైవ్స్ పెట్టుకోండి. ఉల్లికాడల బదులు ఉప్మాలోకి, పెరుగు పచ్చడిలోకి వాడుకోవచ్చు, చలి అంటే దానికి లెక్కే లేదు. పుదీనాను మాత్రం ఒంటరిగా దాని కుండీలో దాన్ని ఉంచండి. లేకపోతే రెండో ఏటికి కుండీలో మరో మొక్క మిగలదు.

కాశీరత్నం (షికాగో)

ఇంత శ్రద్ధగా రాసినందుకు ముగ్గురికీ కృతజ్ఞతలు. రెడ్ ఓసియర్ డాగ్‌వుడ్, ‘ఆటమ్ జాయ్’ సెడమ్, లిటిల్ బ్లూస్టెమ్, సారెల్, చైవ్స్, మ్యామత్ చామంతి ఖాయం చేసుకున్నాను. మందారం గురించి అత్తగారితో మాట్లాడి నిర్ణయిస్తాము. జూనిపర్‌ను ప్రస్తుతానికి పక్కన పెట్టాను.

మరికొన్ని సందేహాలున్నాయి. మా దగ్గర మట్టికుండీలు, ఫెల్ట్ సంచులు ఉన్నాయి, అవి పనికివస్తాయా? కుండీలకు బబుల్ ర్యాప్ చుట్టితే జోన్ 5 మొక్కలను కూడా కాపాడుకోవచ్చని ఒక వీడియోలో చూశాను, అది నిజమేనా? చలి మరీ ఎక్కువైన వారం రోజులు కుండీలను హాల్లోకి తెచ్చుకోవచ్చా? ఇంట్లో కిటికీ దగ్గర కరివేపాకు, మల్లె, తులసి ఉన్నాయి. వాటిని కూడా క్రమంగా చలికి అలవాటు చేస్తే బయట ఉండగలవా?

గడ్డిపూవు (నేపర్‌విల్)

చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే దాని మీద ఆశలు పెట్టుకుని చాలామంది మొక్కలు పోగొట్టుకుంటున్నారు. కరివేపాకు, మల్లె, తులసి మూడూ గడ్డకట్టే చలి ఎరుగని నేలల మొక్కలు. వాటి కణాల్లో నీరు గడ్డకట్టకుండా ఏర్పాటు చేసుకునే శక్తే లేదు. ఎన్నాళ్లు అలవాటు చేసినా ఆ శక్తి పుట్టదు. రాత్రి ఉష్ణోగ్రత 50 ఫారెన్‌హైట్, అంటే 10 సెల్సియస్ దాటి కిందికి దిగడం మొదలుకాగానే, మీ ఊళ్లో అయితే సెప్టెంబరు చివరికే, వాటిని లోపలికి తేవాలి. కరివేపాకు చలికాలంలో ఆకు కొంత రాల్చి ఊరుకుంటుంది. భయపడి నీళ్లు ఎక్కువ పోస్తే వేరు కుళ్లుతుంది. తులసి విత్తనాలు దాచుకుని ఏటా వేసుకోవడమే సులభం. ఇంకొక మాట. నిమ్మజాతి చెట్లను నాశనం చేసే తెగులును మోసే ఆసియా సిట్రస్ సిల్లిడ్ అనే పురుగుకు కరివేపాకు మొక్క కూడా ఆశ్రయమిస్తుంది. అందుకని ఫ్లోరిడా వంటి నిర్బంధం ఉన్న చోట్ల నుంచి ఈ మొక్కను రాష్ట్రం దాటించడంపై ఆంక్షలున్నాయి. చుట్టాలింటి నుంచి పిలక తెచ్చుకోవాలనే ఆలోచన ఉంటే మానుకోండి.

కుండీల విషయం. కాల్చిన మట్టి నీటిని పీలుస్తుంది, ఆ నీరు గడ్డకట్టినప్పుడు దాదాపు 9 శాతం వ్యాకోచిస్తుంది, మట్టికుండీ పెచ్చులుగా ఊడుతుంది లేదా నిలువునా పగులుతుంది. అవి వేసవి మొక్కలకు వాడుకోండి. ఫెల్ట్ సంచి పగలదు గాని, దాని గోడ పలచన, గాలికి అన్ని వైపులా ఎండుతుంది. మీ బాల్కనీకి అది తగదు. దళసరి ప్లాస్టిక్, ఫైబర్‌గ్లాస్ లేదా చెక్క తొట్టెలు మంచివి. వెడల్పు పదహారు అంగుళాలకు తగ్గకుండా చూడండి. మట్టి ఎంత ఎక్కువ ఉంటే అంత నిదానంగా చల్లబడుతుంది, అంత నిదానంగా కరుగుతుంది. అయితే తడిసిన మట్టి బరువు చిన్నది కాదు కాబట్టి, బాల్కనీ ఎంత బరువు మోయగలదో అసోసియేషన్ వారిని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి, బరువైన తొట్టెలను రెయిలింగు వైపు కాకుండా ఇంటి గోడ పక్కన పెట్టండి. పెరటి మట్టి వద్దు. కుండీల కోసం అమ్మే తేలికైన మిశ్రమమే వాడండి. గోడ పక్కన పెట్టడంలో ఇంకో లాభం కూడా ఉంది. ఇంట్లోంచి గోడ ద్వారా కొంత వెచ్చదనం వస్తుంది, గాలీ కొంత తగ్గుతుంది.

బబుల్ ర్యాప్ గురించి వీడియోలు చెప్పేది సగం నిజం. మొక్క మనలా ఒంట్లో వేడి పుట్టించదు, కాబట్టి దానికి ఎన్ని దుప్పట్లు చుట్టినా లోపలి చలి తగ్గదు. చల్లబడే వేగం మాత్రమే తగ్గుతుంది. ఒక్క రాత్రి చలికి అది ఎంతో మేలు, అయిదు రోజులు వరుసగా చలి నిలిస్తే చుట్టిన కుండీ కూడా చివరికి అదే ఉష్ణోగ్రతకు చేరుతుంది. అందుచేత జోన్ 5 మొక్కను జోన్ 3 మొక్కగా మార్చే సాధనంగా దాన్ని చూడవద్దు. చుట్టడం వల్ల వచ్చే అసలు ప్రయోజనం ఫిబ్రవరి, మార్చి నెలల్లో కనబడుతుంది. మీ పడమటి ఎండకు పగలు మట్టి కరగడం, రాత్రి మళ్లీ గడ్డకట్టడం పదేపదే జరిగి వేళ్లు తెగుతాయి, చిన్న మొక్కలు మట్టిలోంచి పైకి తోసుకువస్తాయి. ఆ ఊగిసలాటను చుట్టు తగ్గిస్తుంది. తొట్టెల పక్కలకు థర్మాకోల్ పలకలు ఆనించి, అన్నింటినీ ఒకదానికొకటి తగిలేలా గుంపుగా చేర్చి, మధ్య ఖాళీల్లో ఎండుటాకుల సంచులు దూర్చితే చాలు. చుట్టేది కుండీకి మాత్రమే. మొక్క మీద ప్లాస్టిక్ కప్పితే ఎండకు లోపల ఉడికిపోతుంది.

హాల్లోకి మాత్రం తేవద్దు. 70 డిగ్రీల ఫారెన్‌హైట్ గదిలో వారం ఉంటే నిద్రలో ఉన్న మొక్క మేలుకుని చిగురు వేయడం మొదలుపెడుతుంది, చలికి సంపాదించుకున్న ఓర్పు పోతుంది. తిరిగి బయట పెట్టిన రోజే చిగుళ్లతో పాటు కొమ్మలు కూడా దెబ్బ తింటాయి. వేడి పెట్టని గ్యారేజీ ఉన్నవారికి అది మంచి చోటు. మీ భవనంలో అది లేదనుకుంటాను.

నీళ్ల సంగతి చాలామందికి గుర్తుండదు. పై కప్పు ఉన్నందున మీ కుండీల మీద వాన, మంచు రెండూ పడవు. నవంబరులో మట్టి గడ్డకట్టే ముందు ఒకసారి నిండుగా తడపండి. ఆ తరువాత ఉష్ణోగ్రత 40 ఫారెన్‌హైట్ దాటి, మట్టి కరిగిన రోజుల్లో వేలు పెట్టి చూసి, పొడిగా ఉంటే పలచగా పోయండి. గడ్డకట్టిన మట్టి మీద పోస్తే నీరు పైననే నిలిచి మంచు పలకవుతుంది. కుండీ కింద పళ్లేలు వేసవిలో కింది వారి కోసం తప్పనిసరి. చలికాలంలో వాటిలో నీరు నిలవకుండా తీసేయండి. కుండీని చిన్న చెక్కముక్కల మీద ఎత్తి పెడితే అడుగు చిల్లు మంచుతో మూసుకుపోదు.

పెరటిచెట్టు (మినియాపొలిస్)

ఎరువు గురించి ఎవరూ ప్రస్తావించలేదు. బహువార్షికాలకు, అంటే ఏళ్ల తరబడి నిలిచే మొక్కలకు, ఆగస్టు దాటాక నత్రజని ఎరువు వేయకండి. వేస్తే సెప్టెంబరులో లేత చిగుళ్లు వస్తాయి, గట్టిపడే సమయం లేక మొదటి మంచుకే నల్లబడతాయి.

కాశీరత్నం (షికాగో)

చాలా స్పష్టంగా అర్థమైంది. ఒక్క ప్రశ్న మిగిలింది. ఇక్కడి నర్సరీల్లో సెప్టెంబరు చివరి వారంలో బహువార్షిక మొక్కలను సగం ధరకు ఇస్తారట. అప్పటిదాకా ఆగి కొనడం తెలివైన పనేనా, లేక ఇప్పుడే కొనమంటారా?

ఉత్తరగాలి (టొరంటో)

పెరడు ఉన్నవారికి సెప్టెంబరు కొనుగోలు లాభసాటి బేరమే, ఎందుకంటే నేలలోని మట్టి నవంబరు వరకు వెచ్చగా ఉండి వేళ్లు పాకనిస్తుంది. కుండీలో మట్టి అంతకన్న ముందే చల్లబడుతుంది కాబట్టి కొత్త మిశ్రమంలోకి వేళ్లు పాకేందుకు మీకు వ్యవధి చాలదు. డాగ్‌వుడ్, చామంతి, మందారం మే, జూన్ నెలల్లోనే కొని, జులై లోపల పెద్ద తొట్టెల్లో నాటేయండి. సగం ధరకు దొరికితే సెడమ్, సెంపర్‌వైవమ్ మాత్రం ధైర్యంగా తెచ్చుకోవచ్చు. అయితే కొనే ముందు మొక్కను చిన్న కుండీలోంచి పైకి లాగి, వేళ్లు తెల్లగా ఉన్నాయో నల్లబడి మెత్తగా ఉన్నాయో చూసుకోండి. తెల్లగా ఉంటే కొనండి.